దాచిన అప్పుకే వడ్డీ

చేపల వేట పెందలాడే ముగించుకుని వచ్చిన పాలెం వాళ్లకు, రొయ్యల గుంటల కాపలా ఇంకొకరికి అప్పజెప్పి వచ్చిన రైతులకు, ముందు వరసలో కూర్చున్న అమ్మలకు మరీ మరీ నమస్కారం.

మాస్టారిని తలుచుకోవడానికే ఈ సభ, అయినా ఆయన పేరు ఈ ఉపన్యాసంలో మీకు వినపడదు. తన పేరుతో బ్యానరు కట్టొద్దనీ, పటానికి దండ వెయ్యొద్దనీ, ఏడాదికొకసారి ఈ గ్రంథాలయంలో నలుగురూ కూర్చుని పనికొచ్చే మాట ఒకటి చెప్పుకుంటే చాలనీ ఆయనే చెప్పి పోయారు. ఈ ఊళ్లో తాతలకూ తండ్రులకూ పిల్లలకూ పాఠం చెప్పిన మనిషికి ‘మాస్టారు’ అన్న పిలుపు చాలు.

ఈ ఏడు నన్ను మాట్లాడమన్నారు. విషయం కూడా కమిటీ వాళ్లే ఇచ్చారు: బుద్ధుడు చెప్పిన సుఖం, మన రోజువారీ బతుకు. నేను పాళీ పండితుణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం బకింగ్‌హాం కాలవకీ సముద్రానికీ మధ్య ఉన్న ఈ ఊళ్లలోనే తిరిగాను, అప్పులివ్వడానికీ ఇచ్చినవి వసూలు చెయ్యడానికీ. నాకు బాగా తెలిసిన సంగతి అప్పు. బుద్ధుడి దగ్గరికి కూడా నేను ఆ దారినే వెళ్లాను.

అన్నీ వదిలేసి అడవికి పోయినవాడు ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్లకు సుఖం గురించి ఏం చెబుతాడని అనుకునే రోజుల్లో, మాస్టారు అంగుత్తరనికాయంలోని ఒక చిన్న సూత్రం చదివి నాకు అర్థం చెప్పారు. జేతవనాన్ని కొని సంఘానికి ఇచ్చిన శ్రావస్తి వర్తకుడు అనాథపిండికుడితో బుద్ధుడి మాట అది. గృహస్థుకు దొరికే సుఖాలు నాలుగు. చెమటోడ్చి, న్యాయంగా సంపాదించింది తన దగ్గర ఉందన్న సుఖం ఒకటి. దాన్ని అనుభవిస్తూ, నలుగురికి పెడుతూ పొందే సుఖం రెండోది. ఎవరికీ చిన్న అప్పు గానీ పెద్ద అప్పు గానీ లేనన్న సుఖం మూడోది. దాన్ని పాళీలో అనణ సుఖం అంటారు, అంటే రుణం లేని సుఖం. చేతతో, మాటతో, మనసుతో తప్పు చెయ్యలేదన్న సుఖం నాలుగోది. ఆ తర్వాత ఒక లెక్క చెబుతాడు: ముందు చెప్పిన సుఖాలు ఈ చివరిదానిలో పదహారో వంతు కూడా చెయ్యవని. పాత లెక్కలో పదహారో వంతంటే రూపాయికి అణా. నన్నది అక్కడే పట్టుకుంది.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచింది ఆ వరస. కలిగి ఉండటం తప్పని చెప్పలేదు. అనుభవించడం తప్పని చెప్పలేదు. కష్టపడి సంపాదించుకున్న అన్నం తింటూ ఉంటే వచ్చే తృప్తిని సుఖం అనే పేరు పెట్టే పిలిచాడు. భారతంలో యక్షుడు అడిగినప్పుడు ధర్మరాజు కూడా ఇలాంటి జవాబే చెప్పాడు. ఏ పొద్దెక్కాకో తన ఇంట్లో ఇంత ఆకుకూర వండుకుని తిన్నా సరే, అప్పు లేనివాడు, పరాయి ఊరు పోవలసిన అవసరం లేనివాడు సుఖంగా ఉన్నట్టే అన్నాడు. ఆ అరణ్యపర్వ శేషాన్ని తెనిగించిన ఎర్రన మన పాకనాటివాడే. పిల్లలు మద్రాసులోనో గల్ఫులోనో ఉండి, ఫోనులోనే పండగ చేసుకునే అమ్మలు ఈ సభలో ఉన్నారు. పరాయి ఊరన్న మాటకు అర్థం వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ నేలకు బుద్ధుడి మాటలు కొత్తవి కావు. పైన అమరావతి, కింద కంచి, రెండూ ఒకప్పుడు బౌద్ధానికి పెద్ద ఊళ్లు. ఏడో శతాబ్దంలో ధాన్యకటకానికీ, అంటే ఆ అమరావతి సీమకూ, కంచికీ మధ్య దేశం గురించి రాస్తూ చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, అక్కడి సంఘారామాలు పాడుబడి ఉన్నాయన్నాడు. పాళీ గ్రంథాలకు వ్యాఖ్యానాలు రాసిన బుద్ధఘోషుడు తనకు ముందున్న ‘అంధక అట్ఠకథ’ను పేర్కొన్నాడు. ఆంధ్ర భిక్షువులు కాపాడుకున్న వ్యాఖ్యానం అది అని పండితులంటారు. ఇటుకలు మట్టిలో కలిసిపోయినా మాట మిగిలింది. మాస్టారికి చరిత్ర పాఠం ఇష్టం, గంటసేపు చెప్పేవారు. నేను ఇంతటితో ఆపి నా సంగతికి వస్తాను.

1990ల మొదట్లో ఈ తీరం ఎట్లా మారిపోయిందో పెద్దవాళ్లకు గుర్తే. కండలేరు క్రీకు పక్కనా, కాలవ గట్ల వెంబడీ వరి మళ్లు, ఉప్పు కయ్యలు, బీడు నేలలు చూస్తూ చూస్తూ ఉండగానే గుంటలయ్యాయి. టైగర్ రొయ్య ఒక పంట బాగా పండితే ఇల్లు లేచేది, ఆడపిల్ల పెళ్లి అయ్యేది. రాత్రంతా ఏరేటర్ల చప్పుడు, తెల్లారితే చెక్ ట్రే ఎత్తి చూసుకోవడం, కౌంటు ఎంతకు వచ్చిందోనని నలుగురూ మాట్లాడుకోవడం. 1994, 95 వచ్చేసరికి రొయ్యకు తెల్లమచ్చ తెగులు పడింది. రాత్రి మేత తిన్న రొయ్య తెల్లారేసరికి గట్టు చేరి చచ్చేది. ఒక గుంట నీళ్లు ఇంకో గుంటకు పోయే చోట ఒకరి నష్టం ఒకరి దగ్గర ఆగదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగు మీద తీర్పు చెప్పింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక గుంటలు మళ్లీ నిండాయి. ఆ మధ్య కాలంలో ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయో ఈ వీధుల్లో నడిచినవాళ్లకు తెలుసు.

ఆ తెల్లమచ్చ ఏడాది, మార్చి నెలాఖరులో, ఒక రైతు చేత పాత బాకీ సర్దుబాటు చెయ్యడానికి కొత్త అప్పు కాగితాల మీద నేను సంతకాలు పెట్టించాను. పక్క గుంటల్లో రొయ్య చస్తోందని నాకు తెలుసు. ఆయన గుంట చూడకుండానే చూసినట్టు రిపోర్టు రాశాను. నెలాఖరుకి బాకీ లెక్కలో కనపడకూడదు, అంతే. నమ్మి సంతకం పెట్టాడు. పంట పోయింది. మూడేళ్లకు పొలం వేలానికి వచ్చింది. నోటీసు అంటించడానికి ఇంకొకరు వెళ్లారు, నన్ను పంపలేదు. ఆ పూట నాకు ఊపిరి తేలికైంది. ఇప్పుడు ఆ తేలికే నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉంది.

అప్పటి నుంచి ఆ వీధిలోకి స్కూటరు మళ్లించడం మానేశాను. ఊళ్లో పెళ్లి భోజనానికి పిలిస్తే ఆయన వచ్చాడేమోనని ముందు అడిగి తెలుసుకునేవాణ్ణి. ఒకరోజు ఇదంతా మాస్టారికి చెప్పాను. ఆయన ఓదార్చలేదు. లేచి వెళ్లి పుస్తకం తెచ్చి, అప్పు గురించి బుద్ధుడు చెప్పిన ఇంకో సూత్రం చదివారు.

అందులో బుద్ధుడు లోకంలో అప్పు నడిచే తీరు మెట్టు మెట్టుగా చెబుతాడు. లేమి దుఃఖం. లేనివాడు అప్పు చేస్తాడు, అది దుఃఖం. వడ్డీకి ఒప్పుకుంటాడు, అదీ దుఃఖమే. గడువుకు కట్టకపోతే నిలదీస్తారు. అప్పటికీ కట్టకపోతే వెంటపడి తిరుగుతారు. చివరకు బంధిస్తారు. డిమాండు నోటీసు, ఇంటికి వెళ్లడం, కోర్టు, జప్తు... ముప్పై ఏళ్లు నేను చేసిన ఉద్యోగం మొత్తం రెండువేల అయిదువందల ఏళ్ల కిందటే వరసగా చెప్పి ఉంది. ఆ తర్వాత మాట మారుతుంది. తప్పు చెయ్యడమే అప్పు చెయ్యడం అంటాడు. చేసింది ఎవరికీ తెలియకూడదని దాచిపెట్టడం వడ్డీ అంటాడు. తోటివాళ్లు ‘ఇట్లా చేశావే’ అనడం నిలదీత. ఒంటరిగా ఏ చెట్టు కిందో, ఖాళీ ఇంట్లోనో ఉన్నప్పుడు ఆ పని తాలూకు తలపులు వచ్చి చుట్టుకోవడం, అదే వెంటపడటం.

మాస్టారు పుస్తకం మూసి, “నీకు అప్పెంతుంది అబ్బయా?” అన్నారు. నాకు ఇంటి లోను కూడా తీరిపోయింది సార్ అన్నాను. “సరిగ్గా చూసుకో” అన్నారు.

వెళ్లాను. ఆ రైతు అప్పటికి సూళ్లూరుపేట వైపు ఎవరివో గుంటల మీద కూలికి పనిచేస్తున్నాడు. మేత బస్తాల షెడ్డులో కూర్చోబెట్టాడు. నేను గుంట చూడకుండా రిపోర్టు రాసిన సంగతి, తెలిసీ సంతకం పెట్టించిన సంగతి మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “మీకు తెలిసే చేశారని నాకప్పుడే తెలుసు సార్. ఎప్పుడన్నా వచ్చి చెప్తారేమోనని చూస్తా ఉన్నా” అన్నాడు. ఆయన పొలం తిరిగి రాలేదు. ఆయన కూతురి చదువుకు నేను చెయ్యగలిగింది చేశాను, అది ఆ నష్టంలో అణా కూడా కాదు. కానీ బుద్ధుడు వడ్డీ అన్నది ఏమిటో నాకు ఆ మేత బస్తాల మధ్య తెలిసింది. చేసిన తప్పు అన్నేళ్లూ అంతే ఉంది. పెరిగిందల్లా నేను దాచింది.

అప్పుల్లో ఉన్నవాడు బుద్ధుడి మాట వినలేదు కాబట్టే అప్పుల్లో ఉన్నాడని మాత్రం దయచేసి అనుకోకండి. అప్పు చేసి పప్పుకూడు తినేవాళ్లు ఉంటారు. ఆదాయం చూసుకోకుండా ఖర్చు పెట్టేవాణ్ణి బుద్ధుడు మేడిపళ్లు తినేవాడితో పోల్చాడు: చెట్టంతా ఊపి పళ్లన్నీ రాల్చి, తినేవి నాలుగు, పాడుచేసేవి బుట్టెడు. సిగాలుడనే యువకుడికి చెప్పినప్పుడు సంపాదన నాలుగు పాళ్లు చేసి, ఒక పాలు తినమనీ, రెండు పాళ్లు పనిలో పెట్టమనీ, ఒకటి ఆపదకు దాచమనీ చెప్పాడు. నాలుగు పాళ్లూ గుంటలో పోసినవాళ్లను, పోసే దాకా వదలని మాబోటి వాళ్లను ఈ తీరం చూసింది. అయితే గాలివాన అడిగి రాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానుకు ఎవరి పొదుపు ఎదురు నిలిచింది? అందుకే కూటదంత సూత్రం కూడా చదవాలి. దొంగతనాలు పెరిగిన రాజ్యంలో శిక్షలు పెంచితే లాభం లేదు, సాగు చేసేవాడికి విత్తనమూ పశువుకు మేతా ఇవ్వు, వర్తకుడికి పెట్టుబడి ఇవ్వు, కొలువు చేసేవాడికి తిండీ జీతమూ ఇవ్వు అని ఆ కథలోని రాజుకు సలహా. బుద్ధుడు సుఖాన్ని ఒక్క మనిషి ఛాతీలో పెట్టి తలుపు వెయ్యలేదు. ఇచ్చేవాడికీ ధర్మం ఉంది. మా బ్యాంకు శిక్షణ తరగతుల్లో ఈ సూత్రం ఒక్కరోజన్నా చదివించి ఉంటే బాగుండేదని నేను నిజంగా అనుకుంటాను.

అమ్మలు కూర్చున్నారు కాబట్టి మన జిల్లా సంగతి ఇంకొకటి. బుద్ధుడి అయిదో శీలం మత్తు పదార్థాలు మానడం. ఎందుకు మానాలో ఆ వాక్యంలోనే ఉంది: అది ‘పమాదానికి’ చోటు కాబట్టి. మనం ప్రమాదం అంటే బస్సు బోల్తా పడటం అనుకుంటాం. పాళీలో ఆ మాటకు అర్థం ఏమరుపాటు. ఏమరుపాటు ఎక్కడుందో దెబ్బ అక్కడుందని మన భాషకు తెలిసే ఆ మాట అటు జరిగి ఉంటుంది. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు, వాచకంలో సీతమ్మ కథ చదివి, ఇది మన కథే గదా అనుకున్నారు. ఆ ఊరి రోశమ్మా, ఆమె తోటివాళ్లూ ఊళ్లోకి సారా రానివ్వలేదు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి, రెండేళ్లకే సడలిపోయింది. ఆ ఆడవాళ్లెవరూ బౌద్ధులు కారు, ఎవరి దగ్గరా శీలాలు తీసుకోలేదు. కానీ సాయంత్రం మొగుడు తూలకుండా ఇంటికొస్తే ఆ ఇంట్లో పిల్లలు ఎంత నిదానంగా అన్నం తింటారో వాళ్లకు తెలుసు. శీలం అంటే ఏమిటో నాకు ఏ వ్యాఖ్యానం కంటే ఆ అన్నం కంచమే బాగా చెప్పింది.

పాలెం వాళ్లు మాస్టారిని ఒక ప్రశ్న అడుగుతూ ఉండేవాళ్లు. మొదటి శీలమే ప్రాణం తీయొద్దంటుంది గదా, మేం వేట మానితే ఏం తినేది అని. మాస్టారు ఆ ప్రశ్నను తప్పించుకునేవారు కాదు. బుద్ధుడు చేపల వేటను మెచ్చుకోలేదు, ఆ మాట దాచి చెబితే అది ఇంకో వడ్డీ అనేవారు. అదే నోటితో, బెస్తల ఇంట పుట్టిన యసోజుడు సంఘంలో పేరున్న భిక్షువయ్యాడని చెప్పేవారు. ఆ తలుపు ఎవరికీ మూయలేదు. ఆయన ఇంకొకటి చూపించేవారు. అశోకుడి అయిదో స్తంభశాసనంలో చాతుర్మాస్యపు పున్నములప్పుడూ, పుష్య పున్నమప్పుడూ, ఉపవాస దినాల్లోనూ చేపల్ని చంపకూడదు, అమ్మకూడదు అని ఉంది. ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం కారణం చెబుతుంది. కారణాలు వేరు. కానీ చెయ్యి ఆపుకునే రోజులు కొన్ని ఉండాలన్న ఆలోచన ఒకటే. ఆ 61 రోజులు భృతి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే ఇళ్లకు ఇది తేలిక మాట కాదు, నాకు తెలుసు. మాస్టారు ఆ రెండు నెలలూ పాలెంలో రాత్రి బడి నడిపేవారు.

ఇక సాధన. మాస్టారు హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీద 1976లో మొదలైన ధమ్మఖేత్త కేంద్రంలో పది రోజుల విపశ్యన శిబిరం చేసి వచ్చారు. పదో రోజు దాకా మౌనం, మొదటి మూడు రోజులకు పైగా ఒట్టి శ్వాసను గమనించడం, తర్వాత ఒళ్లంతా గమనించడం. రుసుము లేదు. తిరిగొచ్చాక ఈ గ్రంథాలయం వరండాలోనే పొద్దున్నే కూర్చునేవారు, రమ్మని ఎవర్నీ పిలవకుండా. నేను మొదట పేపరు కోసం వచ్చి, ఊరికే పక్కన కూర్చున్నాను.

దానివల్ల ఏం వస్తుందని అడిగేవాళ్లకు ఆయన వడ్రంగి బాడిసను చూపించేవారు. ఆ పోలిక బుద్ధుడిదే. బాడిస పిడి మీద వేళ్ల గుర్తులు పడి ఉంటాయి. ఈ రోజు ఇంత అరిగింది, నిన్న ఇంత అరిగింది అని వడ్రంగికి తెలియదు. అరిగిందని మాత్రం తెలుసు. అదే సూత్రంలో ఇంకో పోలిక ఈ తీరం వాళ్లకోసమే చెప్పినట్టుంటుంది. ఆరు నెలలు నీళ్లలో తిరిగి, చలికాలం ఒడ్డుకు లాగిన ఓడకు కట్టిన తాళ్లు ఎండకూ గాలికీ వానకూ వాటంతటవే పుచ్చి తెగుతాయి. కోపం నాకు అట్లాగే తగ్గింది, ఏ రోజు తగ్గిందో చెప్పలేను. మా ఇంట్లో వాళ్లనడిగితే చెబుతారు.

2004 డిసెంబరు 26 ఆదివారం. ఆ పొద్దున సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. ఆ తర్వాతి రోజుల్లో మాస్టారు పాలెంలో ఒక్క సూత్రం కూడా చెప్పలేదు, వంట దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డారు. కొన్ని నెలలకు, బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి, ఆ పొద్దున వాణ్ణి ఒడ్డుకు పంపింది నేనే గదా అని రోజూ ఏడుస్తుంటే, ఆమె పక్కన కూర్చుని బుద్ధుడు చెప్పిన రెండో బాణం సంగతి చెప్పారు. మొదటి బాణం లోకం వేసింది. అది తగులుతుంది, నొప్పి పెడుతుంది, బుద్ధుడికైనా అంతే. నేనిట్లా చేశానే అని మనకు మనం వేసుకునేది రెండోది. “ఇది తియ్యి తల్లీ, మొదటిది మనందరం కలిసి మోద్దాం” అన్నారు. ఆమె ఆ రోజు తియ్యలేదు. తరవాత చాన్నాళ్లకు, రాత్రి బడి పిల్లలకు అన్నం వండి పెట్టడానికి వచ్చింది.

పున్నమి రాత్రుల్లో ఆయన మమ్మల్ని ఇసకలోకి తీసుకెళ్లేవారు. సముద్రానికి ఉన్న ఎనిమిది వింతలు పహారాదుడనే అసురుడికీ బుద్ధుడికీ మధ్య సంభాషణలో వస్తాయి. లోతు మెల్లమెల్లగా దిగుతుంది. పెన్న అయినా స్వర్ణముఖి అయినా కలిశాక పేరు వదులుకుంటుంది. నీరంతా ఒకటే రుచి, ఉప్పు. సముద్రం శవాన్ని తనలో ఉంచుకోదు, ఒడ్డుకు తోసేస్తుంది. సూత్రంలో ఆ చివరి మాట సంఘం గురించి. మాస్టారు దాన్ని మనసుకు చెప్పేవారు: లోపల దాచిన శవాన్ని ఎన్నాళ్లు మోస్తారు, ఒడ్డుకు వెయ్యండి అని. అర్థం అంత దూరం లాగొచ్చా అని పండితులు అడగొచ్చు. నేను ఆ అర్థంతోనే బతుకుతున్నాను.

ఆయనకు ఒక నోటు పుస్తకం ఉండేది. రోజూ రాత్రి నిద్రకు ముందు ఎడమ పక్క పైకపు బాకీలు రాసేవారు, పాలవాడికి ఎంత, కొట్టుకు ఎంత. కుడి పక్క మాట బాకీలు: ఎవర్ని నొప్పించారు, ఎవరికి చెప్పాలి. తీరినదాని మీద గీత కొట్టేవారు. ఆయన పోయాక ఆ పుస్తకం ఇంటివాళ్లు నాకిచ్చారు. చివరి పేజీలో ఎడమ పక్క అన్నిటి మీదా గీతలున్నాయి. కుడి పక్క ఒకటి మిగిలింది. అందులో ఇలా ఉంది: ‘లైబ్రరీలో పేపరు చించాడని పదో తరగతి కుర్రాణ్ణి అందరి ముందూ కసిరాను. చించింది వాడు కాదు. చెప్పాలి.’

ఆ కుర్రాడెవరో నాకు తెలియదు. ఈపాటికి పెద్దవాడయి ఉంటాడు. ఈ సభలో ఉన్నావో లేదో, ఉంటే విను నాయనా. లేకపోతే తెలిసినవాళ్లెవరన్నా వాడికి ఈ మాట చేరవెయ్యండి: ఆ రోజు తప్పు తనదేనని మాస్టారు రాసుకున్నారు, నీకు చెప్పాలనుకున్నారు, ఇప్పుడు చెప్పారు. పుస్తకం ఇక్కడే బల్ల మీద ఉంది. వాడికి చేరిందని తెలిసిన రోజున ఆ గీత నేను కొడతాను.